ఓబీ డంపు మీద నాటిన మొక్కల్ని కలుపు మింగేస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

గుట్టమీదమొక్క:

అందరికీ నమస్కారం. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పని అయిపోయాక ఓబీ డంపుని (బొగ్గు కోసం పైనుంచి తవ్వి తీసిన మట్టి, రాళ్ల గుట్టని) చదును చేసి, పైన పైమట్టి పరిచిన భూమి మీద మొక్కలు నిలబెట్టే పని నాకు అప్పజెప్పారు. సుమారు 40 హెక్టార్లు ఉంటుంది, సగం చదును, సగం వాలు. నేను వచ్చేసరికే పైమట్టి పరవడం అయిపోయింది. ఒక అడుగు మందం పరిచి, డోజర్లతో అటూ ఇటూ తిప్పి సిమెంటు చేసిన నేలలా నున్నగా చేసిపెట్టారు. ఆ పైమట్టి గని మొదలైనప్పుడు తీసి పెద్ద గుట్టగా పోసి ఏళ్ల తరబడి ఉంచిందట.

వానలు పడగానే మొక్కలు నాటాం. నెలన్నర తిరిగేసరికి మొక్క అడుగు ఎత్తు దగ్గరే ఉండిపోయింది, దాని చుట్టూ వయ్యారిభామ నడుము ఎత్తు లేచి తెల్లగా పూసేసింది. అక్కడక్కడా లాంటానా, సర్కారు తుమ్మ కూడా దిగుతున్నాయి. కొడవళ్లతో కోయిస్తే పదిహేను రోజుల్లో ఒక్క కాడ ఉన్నచోట నాలుగు పిలకలు. చనిపోయిన మొక్కల్ని కొన్ని పీకి చూశాను. వేర్లు గుంత గోడ దాకా వెళ్లి అక్కడి నుంచి లోపలికే తిరిగి చుట్టుకుని ఉన్నాయి, గుంత దాటి ఒక్క వేరు కూడా బయటికి పోలేదు. వాలు వైపు వాన నీళ్లు మట్టిని కోసుకుంటూ పోయి మోకాలి లోతు కాలవలు పడ్డాయి. ఇంకో వింత ఏంటంటే ఒకచోట గది వెడల్పున అసలు ఏమీ మొలవలేదు, కలుపు కూడా లేదు, వాన తర్వాత అక్కడ పసుపు ఎరుపు కలిసిన చారలు కనబడతాయి.

మొత్తం మందు కొట్టించి మళ్లీ నాటమని ఒకరు, సుబాబుల్ గింజలు, దట్టంగా పెరిగే గడ్డి గింజలు చల్లేస్తే కలుపు దానంతట అదే అణిగిపోతుందని ఇంకొకరు అంటున్నారు. నాకు రెండూ నమ్మబుద్ధి కావడం లేదు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఏది ముందు, ఏది తర్వాతో చెప్పండి. టెన్షన్‌గా ఉంది, వచ్చే వానలకి మళ్లీ నాటాలి.

మట్టివేరు:

మీరు కలుపు గురించి అడిగారు గానీ, మీ పోస్టులో అసలు జవాబు ఆ వేర్ల దగ్గరే ఉందండి. వేరు గుంత దాటి పోలేదంటే నేల గట్టిపడిపోయింది. బంకమట్టి మీద డోజరు నాలుగుసార్లు తిరిగితే ఆ మట్టి సాంద్రత ఘనపు సెంటీమీటరుకి 1.6, 1.7 గ్రాముల దాకా పోతుంది, అక్కడ చాలా చెట్ల వేర్లు ఆగిపోతాయి. అలాంటి నేల చెట్టుకి సరిపోదు గానీ కలుపుకి సరిపోతుంది. వయ్యారిభామకి పై మూడు నాలుగు అంగుళాల్లో తేమ దొరికితే చాలు, అది ఒక సీజన్లో మొలిచి పూసి గింజ రాల్చి పోతుంది. చెట్టు ఎండాకాలం దాటాలంటే మూడు నాలుగు అడుగులు దిగాలి. మీరు ఎన్నిసార్లు కోయించినా ఆ నేల ఉన్నంతకాలం కలుపే గెలుస్తుంది, ఈ మాట మాత్రం ఖాయంగా చెప్పగలను.

చేతిలో ఒక సన్నని ఇనప కడ్డీ పట్టుకుని, వాన పడి రెండు రోజులయ్యాక నేల మీద తిరుగుతూ గుచ్చి చూడండి. తడి నేలలో కూడా జానెడు దాటి దిగకపోతే ఇంకే పరీక్షా అక్కర్లేదు. పైమట్టికీ కింది ఓబీకీ మధ్య అతుకు దగ్గర ఒక గుంత తవ్వి గోడ చూడండి, అక్కడ మట్టి పలకలు పలకలుగా ఊడివస్తుంటే అదే డోజరు వేసిన పొర. వాలు మీద మీకు పడిన కాలవలకి కూడా సగం కారణం అదే, నీళ్లు లోపలికి ఇంకక పైనే పరుగెత్తుతున్నాయి.

దీనికి దారి ఒకటే, రిప్పింగ్, అంటే గట్టి నేలని లోతుగా చీల్చడం. డోజరు వెనక రిప్పర్ పళ్లు పెట్టి, కనీసం రెండు మూడు అడుగుల లోతు, వాలుకి అడ్డంగా, కాంటూరు (ఒకే ఎత్తులో సాగే గీత) పట్టుకుని లాగాలి. వాలు వెంబడి పైనుంచి కిందికి లాగితే ఆ గాడే మీకు కాలవ అయి కూర్చుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, నేల ఎండి ఉన్నప్పుడే లాగాలి. ఎండి ఉంటే పన్ను వెళ్లినచోట అటూ ఇటూ మట్టి పగిలి పైకి లేస్తుంది. తడిగా ఉంటే కత్తి పెట్టి కోసినట్టు ఒక గీత పడుతుంది, రెండు వానలకి ఆ గీత మళ్లీ మూసుకుపోతుంది, డీజిల్ దండగ. రెండడుగుల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి అరచేతుల మధ్య పాముల్లా చుట్టండి. పాము వచ్చిందంటే ఇంకా తడి ఉన్నట్టు, ఆగండి. పొడిపొడిగా విరిగిపోతే బండి దింపండి.

ఈ నున్నగా చేసే అలవాటు వల్ల అమెరికా అప్పలాచియా కొండల్లో ఏం జరిగిందో చూడండి. 1977లో అక్కడ గని భూముల్ని బాగుచేసి తీరాలని చట్టం వచ్చింది. చట్టం మంచిదే, గుట్టలు జారిపోకుండా, మట్టి కొట్టుకుపోకుండా ఆపింది. కానీ దాన్ని పాటించే పద్ధతిలో డోజర్లతో గట్టిగా తొక్కించి, దట్టమైన గడ్డి వేసి పెట్టారు, అడవి మాత్రం తిరిగి రాలేదు. తర్వాత 2000 దశకంలో శాస్త్రవేత్తలూ, నియంత్రణ అధికారులూ కలిసి అడవి పెంచే పద్ధతి ఒకటి తయారుచేశారు. అందులో మొదటి మాట వేరు దిగడానికి కనీసం నాలుగు అడుగుల మంచి మట్టి, రెండో మాట దాన్ని వదులుగా వదిలేయడం. కంటికి ఎగుడుదిగుడుగా, పని పూర్తికానట్టు కనబడినా పర్లేదు, చెట్టుకి అదే కావాలి. మీ దగ్గర ఇంకా పరవాల్సిన భాగం ఏదైనా మిగిలి ఉంటే డంపర్లతో దగ్గరదగ్గరగా కుప్పలు పోయించి, చిన్న డోజరుతో ఒక్కసారి పైపైన సర్దించి వదిలేయండి. ఆ తర్వాత దాని మీదికి ఏ బండీ ఎక్కకూడదు.

పైమట్టి_పిచ్చి:

పైన అన్నగారు చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. నేను పైమట్టి సంగతి ఒక్కటి కలుపుతాను.

ఏళ్ల తరబడి గుట్టగా పోసి ఉంచారని రాశారు కదా, ఆ గుట్ట మీద అన్నేళ్లూ ఏం పెరిగిందో ఎవరైనా చూశారా? దాదాపు ఎక్కడైనా అదే కథ. పైమట్టి గుట్ట ఎవరికీ పట్టని స్థలం, దాని మీద ఏటా వయ్యారిభామ పూసి గింజ రాలుస్తుంది. ఒక బాగా పెరిగిన మొక్క 15,000 గింజల పైనే ఇస్తుంది, ఆ గింజలు మట్టిలో కప్పబడి ఉంటే ఏళ్లపాటు చావవు. తర్వాత ఆ మట్టినే తీసుకెళ్లి 40 హెక్టార్ల మీద సమానంగా పరుస్తాం. అంటే కలుపుని మనమే విత్తుతున్నాం, అదీ చాలా పద్ధతిగా.

గుట్ట లోపలి మట్టి సంగతి వేరే. ఎత్తుగా పోసిన గుట్టలో లోపలికి గాలి ఆడదు, అడవి గింజలు చచ్చిపోతాయి, చెట్టు వేరుకి భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రం తగ్గిపోతుంది, వానపాములు ఉండవు. అందుకే గుట్ట ఎత్తు రెండు మీటర్లు దాటనివ్వొద్దనీ, వీలైనంత తక్కువ కాలం ఉంచమనీ చెబుతారు. అన్నిటికన్నా మంచిది అసలు గుట్టే పోయకపోవడం. ఒక చోట తీసిన పైమట్టిని అదే రోజుల్లో తవ్వకం అయిపోయిన ఇంకో చోట పరిచేయడం. పశ్చిమ ఆస్ట్రేలియాలో జర్రా అనే చెట్ల అడవుల్లో బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వేచోట ఈ పద్ధతి వాడి అడవి మొక్కల్ని బాగా వెనక్కి తెచ్చుకున్నారు. వాళ్లు గింజలు ఎక్కువగా ఉండే పై పలచటి పొరని విడిగా గీకి, కింది మట్టిని విడిగా తీసి, అదే వరసలో వెనక్కి పరుస్తారు. పొరలు కలగలిపితే అడవి గింజలన్నీ లోతుకి పోయి మొలవలేవు.

మీరు చేయగలిగింది ఏమిటంటే, ఇంకా వాడని పైమట్టి గుట్ట ఉంటే దాని పైన, పక్కలా ఉన్న జానెడు మందం కలుపు మట్టిని గీకించి ఏదైనా లోతైన గుంతలో అడుగున వేసి పైన మీటరు మట్టి కప్పించండి, అంత లోతు నుంచి వయ్యారిభామ లేవలేదు. మధ్యలో మిగిలిన మట్టి వాడుకోండి. జీవం తక్కువగా ఉంటుంది, నిజమే, కానీ కలుపు గింజ కూడా తక్కువే. చుట్టుపక్కల మంచి అడవి ఉండి, అనుమతి దొరికితే కొన్ని బస్తాల ఆకుచెత్త మట్టి తెచ్చి ప్రతి మొక్క పాదులో గుప్పెడు వేయండి, శిలీంధ్రం దానితో వస్తుంది. కలుపు మొలిచిన చోటి నుంచి మాత్రం తేవద్దు.

పలుగూపారా:

నేను కలుపు పీకించే మనిషిని, కాబట్టి అక్కడికే వస్తాను.

వయ్యారిభామని కొడవలితో కోయించడం ఆపేయండి. మొదలు దగ్గర కాండం మిగిలితే పిలకలు వేస్తుంది, మీరు చూసింది అదే. వాన పడి నేల మెత్తగా ఉన్న రోజున, పూత రాకముందే, మొదలు పట్టుకుని వేరుతో సహా లాగించాలి. మొలిచిన నెల, నెలన్నరలో పూతకొస్తుంది కాబట్టి ప్రతి మంచి వాన తర్వాత మూడో వారానికి మనుషులు ఆ నేలలో ఉండాలి. క్యాలెండర్ పెట్టుకునేది వానని బట్టి, నెలని బట్టి కాదు. పూసేసిన వాటిని పీకి అక్కడే పడేయకండి, గోతాల్లో కుక్కి బయటికి తీసుకెళ్లాలి. పనివాళ్లకి చేతులకి గ్లోవ్స్, మూతికి గుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ మొక్క తగిలితే చర్మం మీద దద్దుర్లు, పుప్పొడితో ఆయాసం వస్తాయి. ఒకసారి పడకపోవడం మొదలైన మనిషిని మళ్లీ ఆ పనికి పంపొద్దు, రానురాను ఎక్కువవుతుంది.

లాంటానాకి వేరే లెక్క. పైన నరికితే పొదలా మళ్లీ లేస్తుంది. మొదలు చుట్టూ మట్టి కొంచెం తీసి చూస్తే కాండం వేరుగా మారే చోటు ఒకటి కనబడుతుంది, కాస్త ఉబ్బెత్తుగా, అక్కడే మొగ్గలన్నీ ఉంటాయి. దానికి రెండు వేళ్ల కింద పలుగుతో తల్లివేరుని తెంచి, పొదని ఎత్తి తలకిందులుగా పెట్టేయండి, వేరు మట్టిని తాకకూడదు, ఎండి చస్తుంది. ఇంకో సంగతి, లాంటానా పండ్లు తిన్న పిట్టలు ఎక్కడ వాలతాయో అక్కడ గింజ పడుతుంది. పొద తీసిన తర్వాత చుట్టుపక్కల చెట్ల కింద, కంచె రాళ్ల కింద పిల్ల మొక్కలు వెతకాలి. సర్కారు తుమ్మ ఇంకా మొండిది, అరడుగు పైనే లోతుకి దిగి వేరు తీయాలి. చిన్నప్పుడు పీకితే ఒక మనిషి చాలు, పెద్దదైతే మెషీన్ కావాలి, అందుకని దాన్ని ఈ ఏడే చూసుకోండి.

మందు సంగతి. చాలాచోట్ల కలుపు మందుల మీద ఆంక్షలు ఉన్నాయి, ముందు మీకు ఏది అనుమతి ఉందో కనుక్కోండి. అనుమతి ఉన్నా గని దగ్గర గ్లైఫోసేట్ అనే కలుపు మందు పని చేయలేదని గోల పెట్టేవాళ్లని చాలామందిని చూశాను. కారణం దాదాపు ఎప్పుడూ నీళ్లే. ఆ మందు మట్టి రేణువుని తాకితే దానికి అతుక్కుపోయి పనికి రాకుండా పోతుంది. గని గుంతలో నిలిచిన బురదనీళ్లు డ్రమ్ములో పోసి కలిపితే సగం మందు అక్కడే చస్తుంది. ఆ నీళ్లు కఠిన జలం అయితే ఇంకా దారుణం. హాల్‌రోడ్డు (గని లారీలు తిరిగే దారి) దుమ్ము ఆకు మీద పేరుకుని ఉన్నా అంతే. తేరిన మంచినీళ్లు, వాన కడిగిన ఆకు, మొక్క పచ్చగా పెరుగుతున్న సమయం, ఈ మూడూ కుదరకపోతే కొట్టకండి. నాజిల్‌కి తొడుగు లేకుండా మీ నాటిన మొక్కల మధ్యలోకి అసలు పోకండి. పైగా అది మట్టిలోని గింజని ఏమీ చేయదు, వచ్చే వానకి మళ్లీ పచ్చగా లేస్తుంది. 40 హెక్టార్లకి ఒకేసారి కొట్టి చేతులు దులుపుకుందాం అన్నవాళ్ల మాట వినొద్దు.

ప్రతి మొక్క చుట్టూ మీటరు వెడల్పు పాదు మాత్రం రెండేళ్లు, వీలైతే మూడేళ్లు శుభ్రంగా ఉంచండి, పైన ఎండు గడ్డో ఆకులో మందంగా కప్పండి, గింజ పట్టిన గడ్డి మాత్రం వేయొద్దు. రెండు పాదుల మధ్య ఉన్న పొట్టి గడ్డిని ముట్టుకోవద్దు. ఖాళీగా గీకేస్తే అక్కడ మళ్లీ వయ్యారిభామే వస్తుంది.

నిమ్మళం:

ఆ ఏమీ మొలవని చోటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చిన్న మాట. పసుపు ఎరుపు చారలు అంటే దాదాపుగా పైరైట్. గంధకం ఉన్న రాయి గాలీ నీళ్లూ తగిలి ఆమ్లం వదులుతోంది. పీహెచ్ 4 కిందికి పోతే అల్యూమినియం, మాంగనీసు కరిగి వేర్లని చంపేస్తాయి. ల్యాబుకి పంపేటప్పుడు ఇవాళ్టి పీహెచ్ ఒక్కటే అడక్కండి, పైరైట్ గంధకం ఎంత ఉందో కూడా అడగండి. ఎందుకంటే ఇంకా బయటపడని ఆమ్లం రాయిలో దాగి ఉంటుంది, ఇవాళ సున్నం వేసి పీహెచ్ సరిచేసినా రెండేళ్లకి మళ్లీ పడిపోతుంది. లెక్క ఏంటంటే 1 శాతం పైరైట్ గంధకం ఉంటే ప్రతి 1000 టన్నుల మట్టికి 31.25 టన్నుల కాల్షియం కార్బొనేట్ కావాలి. హెక్టారులో అరడుగు లోతు మట్టి సుమారు 2000 టన్నులు ఉంటుంది, అంటే అరవై టన్నుల పైనే సున్నపురాయి పొడి. చిన్న స్థలం కాబట్టి ఆ రాయిని తవ్వి తీసి గాలి తగలని లోతులో పూడ్చి, పైన మంచి మట్టి మందంగా కప్పడం చవక కావచ్చు, లెక్కేసి చూసుకోండి. అది అయ్యేదాకా అక్కడ మొక్కలు పెట్టి డబ్బు పాడుచేసుకోవద్దు.

గుట్టమీదమొక్క:

అందరికీ చాలా థ్యాంక్స్. కడ్డీ పట్టుకుని తిరిగాను. చదునులో చాలాచోట్ల జానెడు కూడా దిగలేదు. పైమట్టి గుట్ట ఇంకా కొంత మిగిలి ఉంది, దాని మీద నిలువెత్తు వయ్యారిభామ ఉంది, మీరు చెప్పినట్టే.

రెండు సందేహాలు. ఎండాకాలంలో రిప్పింగ్ చేస్తే లోపల దాగిన గింజలు పైకొచ్చి ఇంకా ఎక్కువ మొలుస్తాయేమో? రెండోది, పైవాళ్లకి వచ్చే తనిఖీ నాటికి పచ్చగా కనబడాలి. అందుకే సుబాబుల్, దట్టమైన గడ్డి అని ఒత్తిడి చేస్తున్నారు. వాళ్లకి ఏం చెప్పాలి?

మట్టివేరు:

మొదటిదానికి, అవును, మొలుస్తాయి, మొలవనివ్వండి. ఎండలో రిప్పింగ్ చేసి వదిలేయండి. మొదటి వానకి లేచిన కలుపుని రెండు మూడు ఆకుల దశలో, నేలని మళ్లీ లోతుగా కదపకుండా, పైపైన గీకి చంపండి. వీలైతే రెండో వానకి ఇంకోసారి. ఆ తర్వాత నాటండి. పైపొరలో ఉన్న గింజల్లో చాలా భాగం ఆ రెండు విడతల్లో అయిపోతుంది. నాటడం రెండు మూడు వారాలు ఆలస్యమవుతుందని భయపడకండి. కాకపోతే మీ దగ్గర వానలు తక్కువ రోజులే ఉంటే ఒక్క విడతతో ఆపి నాటేయండి, మొక్కకి తేమ పోకూడదు.

అడవిదారి:

సుబాబుల్ వద్దండి. దయచేసి వద్దు. ప్రపంచంలో అతి హానికరమైన 100 ఆక్రమణ జీవుల జాబితా ఒకటి ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ) వాళ్లు వేశారు, అందులో లాంటానాతో పాటు సుబాబుల్ కూడా ఉంది. త్వరగా పెరుగుతుంది, నత్రజని పడుతుంది, పశువులు తింటాయి, అన్నీ నిజమే. కానీ చిన్న వయసులోనే కాయలు కాసి గింజలు గుప్పిస్తుంది, నరికితే చిగురిస్తుంది, దాని కింద ఇంకో చెట్టు పిల్ల లేవడం కష్టం. ఇవాళ వయ్యారిభామతో పడుతున్న బాధ పదేళ్ల తర్వాత సుబాబుల్‌తో పడాల్సి వస్తుంది, అప్పుడు దాన్ని చేత్తో పీకలేం.

ఇది ఊహ కాదు. అమెరికాలో తవ్విన భూముల్లో మట్టి ఆపడానికని సెరీసియా లెస్పెడీజా అనే ఆసియా పప్పుజాతి మొక్కని దశాబ్దాల పాటు చల్లారు. పేదనేలలో బాగా పెరుగుతుంది, లోతు వేరు, పచ్చగా ఉంటుంది, కాగితం మీద దాంట్లో ఏ లోపమూ లేదు. అది గని భూమి దాటి పచ్చిక మైదానాల్లోకి పోయి అక్కడి గడ్డిని తొక్కేసింది. కాన్సస్ రాష్ట్రం 2000లో దాన్ని రాష్ట్రమంతటా హానికర కలుపుగా ప్రకటించాల్సి వచ్చింది. ఆటమ్ ఆలివ్ పొద కూడా అలా మనుషులు నాటి తెచ్చుకున్నదే. గని భూముల్లో కనబడే మొండి కలుపులో కొంత భాగం ఒకప్పుడు ఎవరో మంచి ఉద్దేశంతో నాటినదేనని నాకు తలుచుకుంటే చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే మళ్లీ అదే సలహా మీకు కూడా ఇస్తున్నారు.

దట్టమైన గడ్డి సంగతీ అంతే. పైన చెప్పిన అప్పలాచియాలో చెట్లు రాకపోవడానికి గట్టినేల ఒక కారణం, రెండో కారణం చల్లిన ఫెస్క్యూ గడ్డి. అది చెట్టు పిల్లకి నీళ్లూ వెలుతురూ మిగల్చదు, దాని కింద ఎలుకలు చేరి మొక్క బెరడు కొరుకుతాయి. అందుకే కొత్త పద్ధతిలో గడ్డి పలచగా, పొట్టిగా, చెట్టుతో సర్దుకునేది మాత్రమే వేయమన్నారు.

పచ్చగా కనబడాలి అంటే జనుము, జీలుగ, పిల్లిపెసర లాంటివి పలచగా చల్లండి. త్వరగా నేల కప్పుతాయి, నత్రజని ఇస్తాయి, పూతలో ఉండగా కోసి అక్కడే పరిస్తే గింజ పడదు, మొక్కకి మల్చింగ్ (తేమ నిలిపే కప్పు) అవుతుంది. నత్రజని గురించి ఒక మాట. ఓబీలో అది దాదాపు ఉండదు, మామూలు అడవి నేల వందల ఏళ్లలో దాచుకున్నది మనం ఒక్క బస్తా యూరియాతో తేలేం. ఇంగ్లండ్‌లో చైనా క్లే (పింగాణీకి వాడే తెల్లమట్టి) గనుల వ్యర్థాల గుట్టల మీద చేసిన పనిలో చెట్లు నిలదొక్కుకోవాలంటే హెక్టారుకి వెయ్యి కిలోల దరిదాపుల్లో నత్రజని మట్టిలో పోగుపడాలని తేలింది. పప్పుజాతి మొక్కలు ఏటా పదుల కిలోలు కలుపుతూ పోతాయి, కాబట్టి అది కొన్నేళ్ల పని. ఎరువు నేలంతా చల్లితే మాత్రం ముందుగా బలిసేది కలుపే. పెట్టదలిస్తే మొక్క పాదులో, లోతుగా, కొద్దిగా పెట్టండి.

ఇంకొకటి. దానంతట అది మొలిచిందల్లా కలుపు కాదు. చెక్ దేశంలో బొగ్గు గుట్టల మీద చాలా ఏళ్లుగా గమనిస్తున్నవాళ్లు చెప్పేదేమిటంటే, చదును చేయకుండా అలలు అలలుగా వదిలేసిన చోట, పక్కన మంచి అడవి ఉంటే, నాటకుండానే రకరకాల చెట్లు వచ్చాయి, చాలాసార్లు నాటినచోటి కన్నా ఎక్కువ రకాల జీవులు చేరాయి. అక్కడా ఒక మొండి గడ్డి చదును నేలల్ని ఆక్రమించి చెట్లని రానివ్వని చోట్లు ఉన్నాయి, అన్నీ వదిలేస్తే చాలని నేను అనడం లేదు. మీ పనివాళ్లకి పీకాల్సిన నాలుగైదు మొక్కల్ని, పిల్ల దశలో ఎలా ఉంటాయో, చేతిలో పెట్టి చూపించండి. మిగతావి వదిలేయమనండి. అడవి చెట్టు పిల్ల తనంతట తాను మొలిస్తే పక్కన ఒక కర్ర గుచ్చించండి. నర్సరీ మొక్క కన్నా అది గట్టిది, వేరు మొదటి రోజు నుంచే తన దారి తాను వెతుక్కుంది.

వాలుమనిషి:

అందరూ వదులుగా వదిలేయమంటున్నారు, వాలు మీద అలా వదిలితే మొదటి గట్టి వానకి మట్టి మొత్తం కిందికొస్తుంది. నేను ఒప్పుకోను. మోకాలి లోతు కాలవలు ఇప్పటికే పడ్డాయంటున్నారు ఆయన.

మట్టివేరు:

మీ భయం న్యాయమైనదే. డంపు లోపలి కట్టుబడి వేరు, పై నాలుగడుగులు వేరు. లోపలిది గట్టిగా ఉండాలి, వాలు ఎంత నిటారుగా ఉండొచ్చో అది ఇంజనీర్లు తేల్చాలి, అందులో మనం వేలు పెట్టకూడదు. నేను చెప్పేది పై పొర గురించే. పైపొర గరుకుగా, వదులుగా ఉంటే వాన నీరు ఎక్కడికక్కడ ఇంకుతుంది, పరుగెత్తే నీళ్లు తగ్గుతాయి. కానీ పైన చదును నుంచి వచ్చే నీళ్లు వాలు మీద పడనివ్వకూడదు. ఆయన కాలవలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే నూటికి తొంభై చోట్ల అంచు గట్టు తెగినచోటే ఉంటుంది. ముందు ఆ గట్టు సరిచేసి, నీళ్లని రాతి కాలవలోకి మళ్లించాలి. బాగా నిటారుగా ఉన్న వాలు మీద రిప్పర్ వద్దు, బండి బోల్తా పడే ప్రమాదం ఉంది. అక్కడ ఎక్స్‌కవేటర్ బకెట్‌తో చిన్నచిన్న గుంతలు కొట్టించడం మేలు.

వాలుమనిషి:

అలా అయితే సరే. గట్టు సంగతి ముందు అని రాసి ఉంటే నేను మాట్లాడేవాణ్ణి కాదు. దానికి తోడు వాలుకి అడ్డంగా వరసల్లో వట్టివేరు పెట్టండి, గింజ పట్టని రకం చూసి, పిలకలుగా. వేరు రెండు మూడు మీటర్లు నిటారుగా దిగుతుంది, పక్కకి పాకి కలుపు కాదు, మట్టి ఆ వరస వెనక ఆగి మెట్టులా తయారవుతుంది. వరసల మధ్య అడవి గింజలు, పైన కొబ్బరిపీచు చాపలు.

గుట్టమీదమొక్క:

సరే, ఇలా అనుకుంటున్నాను. ముందు అంచు గట్లు, తర్వాత ఎండలో చదును అంతా రిప్పింగ్, వానకి కలుపు మొలిపించి చంపి, జనుము పలచగా చల్లి మొక్కలు నాటడం. ఆమ్లం చోటు పక్కన పెట్టి ల్యాబుకి పంపుతాను. 40 హెక్టార్లూ ఒకేసారి చేయమంటారా?

పలుగూపారా:

వద్దు. రెండేళ్లు పాదులు శుభ్రంగా ఉంచడానికి మీ దగ్గర ఎంతమంది ఉన్నారో అంత నేలే నాటండి. మిగతాదాంట్లో రిప్పింగ్ చేసి జనుము వేసి పూతలో కోసేయండి, వయ్యారిభామ గింజ మాత్రం పడనివ్వకండి, వచ్చే ఏడు నాటుకోవచ్చు. నాటిన చోట కూడా కొంచెం నేల రిప్పింగ్ చేయకుండా వదిలి అవే మొక్కలు పెట్టండి. తనిఖీకి వచ్చినవాళ్లకి రెండూ పక్కపక్కన చూపిస్తే మీరు మాట్లాడక్కర్లేదు.

మనుషుల్ని పెట్టేటప్పుడు లోపలి నుంచి మొదలుపెట్టొద్దు. ముందు మిగిలిన పైమట్టి గుట్ట, తర్వాత హాల్‌రోడ్డు అంచులు, తర్వాత నీళ్లు లోపలికొచ్చే కాలవ గట్లు. కలుపు గింజ ఈ మూడు దారుల్లోనే వస్తుంది. నాలుగోది బండ్లు. బయట ఇంకో సైట్ నుంచి వచ్చిన డోజరు ట్రాక్ పలకల మధ్య ఒకసారి పుల్లతో గీకి చూడండి, ఎండిన మట్టి పెళ్లలు ఊడతాయి, అందులో గడ్డి గింజలు, వయ్యారిభామ పూల తలలు కనబడతాయి. గేటు దగ్గరే ఒకచోట కడిగించి, కడిగిన నీళ్లు పోయే గుంత చుట్టూ ఏం మొలుస్తుందో ప్రతి వాన తర్వాత చూసుకోండి. మీ సైట్‌లోకి కొత్తగా రాబోయే కలుపు ఏదో అక్కడే ముందు తెలుస్తుంది.